కానాగంత: శాస్త్రానికెక్కిన విశాఖ రేవు మాట

బళ్లారి, రాయచూరు సంతలలో దాని పేరు బంగుడె. షోలాపూరు అంగళ్లలో బాంగడా. హోసూరు మొదలు చెన్నపట్నం వరకు తమిళులు కానాంగెళుత్తి అంటారు, కొన్ని తావుల అయిల అంటారు. యానాం, కాకినాడ, విశాఖపట్నం రేవులలోనూ, ఒడియావారు నోళియాలని పిలిచే తెలుగు మత్స్యకారులు తరతరాలుగా నివసించే గోపాల్‌పూర్, పూరీ తీరాలలోనూ అది కానాగంత. ఊరు మారితే కనగర్త, కానగుర్త అని కూడా వినిపిస్తుంది. ఎల్ల దాటినప్పుడల్లా పేరు మార్చుకునే ఈ చేపకు లోకమంతటా చెల్లే శాస్త్రనామం మాత్రం ఒక్కటే: రాస్ట్రెల్లిగర్ కానగుర్త. ఇందులో మొదటి పదం లాటిన్ భాషది. రెండవది తెలుగు.

శాస్త్రనామంలో తెలుగు మాటను చూచి, ఎవరో తెలుగు పండితుడు ఆ పేరు పెట్టి ఉంటాడని అనుకోవడం సహజం. పెట్టినవాడు పారిస్ నగరంలో పని చేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. మాటను అందించినవారు విశాఖ ఒడ్డున వల లాగిన జాలరులు. వారికీ వీరికీ నడుమ ఒక స్కాట్లండు వైద్యుడు, ఆయన వద్ద పని చేసిన ఒక స్థానిక చిత్రకారుడు ఉన్నారు. ఈ నలుగురిలో ఇద్దరి పేర్లే చరిత్రకు దక్కాయి.

రస్సెల్ దొర చేపల పద్దు

పాట్రిక్ రస్సెల్ వృత్తిరీత్యా వైద్యుడు. సిరియా దేశపు అలెప్పో నగరంలో చాలాకాలం పని చేసి, అక్కడి ప్లేగు వ్యాధిపై గ్రంథం రాసినవాడు. ఆయన సోదరుడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో అధికారిగా ఉండడంతో 1780ల ఆరంభంలో ఈ తీరానికి వచ్చాడు. అప్పటి కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో మరణించగా ఆ పదవి రస్సెల్‌కు లభించింది. 1789లో స్వదేశానికి తిరిగి వెళ్లే వరకు ఆయన పాములను, చేపలను, మొక్కలను సేకరిస్తూ గడిపాడు.

ఆయన పేరు నేటికీ అందరి నోట నిలిచింది పాముల వల్లనే. రక్తపింజరిని ఆంగ్లంలో రస్సెల్స్ వైపర్ అంటారు. 1796లో ఆయన ప్రచురించిన పాముల గ్రంథంలో ఆ పాముకు ఇచ్చిన పేరు మాత్రం తెలుగుదే: కాటుక రేకుల పొడ. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రనామం వచ్చింది కూడా ఆయన రాసుకున్న 'బంగారు పాము' అన్న మాట నుంచే. సేకరించిన ప్రాణిని స్థానికులు ఏమంటారో అడిగి, వారు చెప్పిన మాటనే ఇంగ్లీషు అక్షరాలలో శీర్షికగా పెట్టడం రస్సెల్ అలవాటు. ఆ కాలపు దొరలందరికీ ఈ అలవాటు లేదు.

చేపల గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. కోరమాండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు అని దాని పేరు. అందులో చేపల పేర్లను చదివితే ఒక ఆంగ్లేయుని చెవికి విశాఖ మాట ఎలా వినిపించిందో తెలుస్తుంది. తెల్ల సోరింగ 'టెల్లా సోరింగ్' అయింది. గొరక 'గువోరకా' అయింది. 136వ చిత్రపటం కింద 'కానగుర్త' అని ఉంది. వీపు మీద మచ్చల వరుసలు, చీలిన తోక, తోక దగ్గర పైనా కిందా చిన్న చిన్న వాజాల వరుస ఆ చిత్రాలలోని చేపను గుర్తించేందుకు పనికివచ్చిన లక్షణాలు. ఆ పటమే ఈ కథకంతటికీ మూలం.

రెండు మాటల పేరు

జీవులకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్వీడన్ పండితుడు లిన్నేయస్ స్థిరపరిచాడు. జంతువుల విషయంలో 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ కూర్పును ఆదిగా పరిగణిస్తారు. మొదటి మాట ప్రజాతిని, రెండవ మాట ఆ ప్రజాతిలోని జాతిని తెలుపుతుంది. ఇంటిపేరు, వ్యక్తి పేరు కలిపి పిలిచే మన ఆచారంతో దీనిని పోల్చవచ్చు. ఇంటిపేరు ముందు, పేరు వెనుక. వరుస కూడా ఒకటే.

రస్సెల్ ఆ పద్ధతిని పాటించకుండా కేవలం కానగుర్త అని ఒక్క మాటతో సరిపెట్టాడు. అందుచేత శాస్త్ర నియమాల దృష్టిలో 1803 నాటికి ఈ చేపకు ఇంకా పేరు పెట్టనట్లే లెక్క. ఆ లోటును పూరించినవాడు జార్జి కువియే. పారిస్ ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాలలో పని చేసిన ఈ మహాపండితుడు జంతు సామ్రాజ్యమంతటినీ వర్గీకరిస్తూ గొప్ప గ్రంథం రాశాడు. మాకెరెల్ చేపల ప్రజాతిని చర్చించేచోట రస్సెల్ 136వ చిత్రాన్ని పేర్కొని, దానికి స్కాంబర్ కానగుర్త అని పేరు పెట్టాడు. ఐరోపా సముద్రాలలోని మాకెరెల్‌లకు లిన్నేయస్ ఏనాడో ఇచ్చిన ప్రజాతి నామం స్కాంబర్. విశాఖ చేప ఆ ఇంట్లోకి దత్తుపోయింది.

కువియే గ్రంథం ముఖపత్రంపై 1817 అని ఉంటుంది. అది అంగడికి వచ్చింది మాత్రం 1816 డిసెంబరులో. అందువల్లనే పాత పుస్తకాలు 1817 అనీ, కొత్తవి 1816 అనీ ఈ పేరుకు తేదీ వేస్తాయి. సంవత్సరం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఒకే ప్రాణికి పలువురు పేర్లు పెట్టినప్పుడు ముందు పుట్టిన పేరే చెల్లుతుంది. దీనిని ప్రాథమ్య నియమం అంటారు. కానాగంత విషయంలో ఆ నియమానికి చాలాసార్లే పని పడింది.

ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని ఇండోనేషియా, ఉత్తర ఆస్ట్రేలియా, సమోవా దీవుల వరకు ఈ చేప వ్యాపించి ఉంది. సూయజ్ కాలువ గుండా తూర్పు మధ్యధరా సముద్రంలోకి కూడా ప్రవేశించింది. ఇంత విశాలమైన నీటిలో ఒక్కొక్క రేవున ఒక్కొక్క పండితుడు దానిని కొత్త చేపగా భావించాడు. 1832లో స్కాంబర్ లూ, స్కాంబర్ డెల్ఫినాలిస్ అనే రెండు పేర్లు వచ్చాయి. 1836లో రూపెల్ అనే జర్మన్ అన్వేషకుడు ఎర్రసముద్రపు చేపలను పరిశీలించి మరి రెండు పేర్లు పెట్టాడు. 1856లో బ్లీకర్ మొలక్కస్ దీవుల పేరిట ఒకటి, 1871లో ఫ్రాన్సిస్ డే మరొకటి, 1944లో ఆస్ట్రేలియాకు చెందిన విట్లీ ఇంకొకటి చేర్చారు. పరిశీలన పెరిగిన కొద్దీ అవన్నీ ఒకే జాతి అని తేలింది. అన్నిటికన్న ముందుది కానగుర్త. మిగిలినవన్నీ పర్యాయనామాల పట్టికలో చేరిపోయాయి.

ఇందులో ఫ్రాన్సిస్ డే విషయం కొంచెం విచిత్రం. భారతదేశపు చేపలపై నేటికీ ప్రామాణికంగా భావించే గ్రంథం రాసినవాడు ఆయన. మద్రాసులో సైనిక వైద్యునిగా ఉండి ఈ తీరపు చేపలను కళ్లారా చూచినవాడు. అంతటివాడూ ఒకసారి పాత చేపకు కొత్త పేరు పెట్టాడంటే, వయసును బట్టి, చోటును బట్టి కానాగంత రూపం ఎంత మారుతుందో గ్రహించవచ్చు.

చిన్న దంతె మోసే చేప

స్కాంబర్ అనే ఇంటిపేరు కానాగంతకు దాదాపు 90 ఏళ్లు ఉంది. 1908లో అది మారింది. అమెరికాకు చెందిన జోర్డన్, స్టార్క్స్ అనే ఇద్దరు మత్స్యశాస్త్రవేత్తలు, ఫిజీ దీవుల చేపలపై వెలువడిన ఒక వ్యాసంలో, ఉష్ణ సముద్రాల మాకెరెల్‌లను వేరు చేసి రాస్ట్రెల్లిగర్ అనే కొత్త ప్రజాతిని నెలకొల్పారు. లాటిన్‌లో రాస్ట్రెల్లస్ అంటే చిన్న దంతె. పొలంలో గడ్డి, చెత్త ఏరడానికి వాడే పళ్ల దంతె ఎలా ఉంటుందో రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. 'ఇగర్' అంటే మోసేది. చిన్న దంతెను మోసే చేప అని ఈ పేరుకు అర్థం.

ఆ దంతె ఎక్కడుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. తాజా కానాగంతను చేతిలోకి తీసుకుని నోరు బాగా తెరిచి లోపలికి చూస్తే, రెండు వైపులా మొప్పల వంపుల మీద ఈకల్లా దట్టంగా నిలిచిన పొడవాటి ముళ్లు కనిపిస్తాయి. నీటిలో తేలియాడే ప్లవకాలు, అనగా కంటికి ఆనని శైవలాలు, రొయ్య జాతికి చెందిన అతిసూక్ష్మ జీవులు, దీని ఆహారం. చేప నోరు తెరుచుకుని ఈదుతుంటే నీరు మొప్పల గుండా బయటకు పోతుంది. ప్లవకాలు ఈ ముళ్లకు చిక్కుతాయి. దంతె కన్న జల్లెడ అనడమే పనికి తగిన పోలిక. అయితే పేరు పెట్టినవారు పనిని కాక ఆకారాన్ని చూచారు.

స్కాంబర్ ప్రజాతిలోని చేపలకు అంగిలి మీద చిన్న పళ్లుంటాయి. రాస్ట్రెల్లిగర్ చేపలకు అవి ఉండవు. మొప్పల ముళ్లు కూడా స్కాంబర్‌కు ఇంత పొడవు కావు. శరీరం స్కాంబర్‌లో కదురులా గుండ్రంగా సన్నబడి ఉంటుంది, రాస్ట్రెల్లిగర్‌లో పక్కలకు కాస్త అణగి వెడల్పుగా ఉంటుంది. ఈ భేదాలు ఉన్నా రెండూ దగ్గరి చుట్టాలే. రెండూ స్కాంబ్రిడే కుటుంబానికి చెందినవి. మన వంజరం, తూర చేపలదీ ఆ కుటుంబమే. తోక దగ్గర పైనా కిందా వరుసగా ఉండే చిరువాజాలు ఆ కుటుంబపు పోలిక. కానాగంతకు అవి పైన 5, కింద 5.

డబ్బాలలో వచ్చే విదేశీ మాకెరెల్‌ను కొని, ఇది మన బంగుడె రుచి కాదేమని సందేహించేవారికి సమాధానం ఇక్కడ ఉంది. చల్లని సముద్రాల నుంచి వచ్చే ఆ చేప సాధారణంగా స్కాంబర్ జాతిది. ఆంగ్లంలో రెండింటికీ మాకెరెల్ అన్న మాటే వాడడం వల్ల చిక్కు వస్తుంది. ఆ మాట అంతటితో ఆగదు. వంజరాన్ని కూడా ఆంగ్లంలో ఒక రకం మాకెరెల్‌గానే వ్యవహరిస్తారు. సీసా మీద, డబ్బా మీద చిన్న అక్షరాలలో శాస్త్రనామం ఉంటే చదవడం మేలు.

ఒక ఇంట ముగ్గురు

నేడు రాస్ట్రెల్లిగర్ ప్రజాతిలో మూడు జాతులను గుర్తిస్తున్నారు. ఆశ్చర్యం ఏమిటంటే, ప్రజాతిని నెలకొల్పినప్పుడు దానికి ఆధారజాతిగా ఎంచుకున్నది కానగుర్తను కాదు. ఆ గౌరవం బ్రాకిసోమాకు దక్కింది. డచ్చి సైనిక వైద్యుడు పీటర్ బ్లీకర్ 1851లో బటావియా, అనగా నేటి జకార్తా, చేపలను పరిశీలించి స్కాంబర్ బ్రాకిసోమా అని దానికి పేరు పెట్టాడు. గ్రీకులో పొట్టి శరీరం అని అర్థం. నిజానికి ఆ చేప పొట్టిది అనడం కన్న కడుపు వెడల్పుది అనడం సబబు. థాయిలాండు ప్రజలకు ఇది ప్రాణప్రదమైన చేప. ప్లా థూ అంటారు. మెడ వంచి చిన్న వెదురు బుట్టలలో ఇమిడ్చి ఆవిరి మీద ఉడికించి అమ్ముతారు.

ఇదే బ్లీకర్ రస్సెల్ పట్ల తన గౌరవాన్ని మరొక చేప పేరులో చూపాడు. రస్సెల్ గ్రంథంలో 'ఆంటికా డూండియావా' అన్న పేరుతో ఉన్న చేపకు 1849లో రస్సెల్ పేరే పెట్టాడు. నేడు అది లుట్జానస్ రస్సెల్లీ. స్థానికుల మాట పోయి దొర పేరు నిలిచిన సందర్భం ఇది. కానాగంత విషయంలో దానికి విరుద్ధంగా జరిగింది. ఎందుకిలా అంటే నియమమేదీ లేదు. పేరు పెట్టేవాని ఇష్టం, అంతే.

బ్రాకిసోమా, కానగుర్తల నడుమ గందరగోళం చాలాకాలం సాగింది. 1907లో వాన్ కాంపెన్ అనే డచ్చి శాస్త్రవేత్త నెగ్లెక్టస్ అనే మరో జాతిని ప్రకటించాడు. నెగ్లెక్టస్ అంటే ఉపేక్షకు గురైనది. పేరుకు తగ్గట్టు కాక దాని మీద వాదప్రతివాదాలు దశాబ్దాల పాటు నడిచి, చివరకు అది బ్రాకిసోమాయే అని తేలింది. పండితులు ఇలా తికమకపడుతుండగా ఆ తీరాల జాలరులు తమ లెక్కలో తాము స్పష్టంగానే ఉన్నారు. థాయిలాండులో బ్రాకిసోమా ప్లా థూ అయితే కానగుర్త ప్లా లాంగ్. ఇండోనేషియాలో సన్నని కానగుర్తను మగ కెంబుంగ్ అనీ, కడుపు వెడల్పైన బ్రాకిసోమాను ఆడ కెంబుంగ్ అనీ పిలుస్తారు. అవి ఆడ మగ కావు, వేర్వేరు జాతులు. అయినా రెండూ వేరని గుర్తించి వేర్వేరు పేర్లతో పిలవడం వరకు వారి చూపు తప్పలేదు.

మూడవ జాతి ఆలస్యంగా వెలుగు చూచింది. 1967లో మత్సుయి అనే శాస్త్రవేత్త స్కాంబర్, రాస్ట్రెల్లిగర్ ప్రజాతులను రెండింటినీ తిరిగి పరిశీలించి రాస్ట్రెల్లిగర్ ఫాన్ని అనే కొత్త జాతిని వర్ణించాడు. 1959 నుంచి 1961 వరకు థాయిలాండు సింధుశాఖలోనూ, దక్షిణ చైనా సముద్రంలోనూ సాగిన నాగ పరిశోధన యాత్రకు నాయకత్వం వహించిన నౌకాధిపతి ఫాన్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. 160 ఏళ్లకు పైగా మనుషులు పట్టి, కొలిచి, బొమ్మ గీసి, తగవులాడిన చేపల గుంపులో మూడవది అంతకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోయిందన్న మాట.

మూడింటినీ వేరు చేసేందుకు శాస్త్రజ్ఞులు చూచేవి ముఖ్యంగా మూడు: శరీరపు వెడల్పు, మొప్పల ముళ్లు, ప్రేగు. బ్రాకిసోమా పొడవు దాని వెడల్పుకు సుమారు నాలుగింతలు మాత్రమే. కానగుర్తది నాలుగింతలకు పైన, ఐదింతల వరకు. ఫాన్ని మరీ సన్నం, ఐదారింతలు. మొదటి రెండింటికీ మొప్పల ముళ్లు పొడవైనవి, దట్టమైనవి. ఫాన్నికి అవి ముట్టె కన్న పొట్టివి, సంఖ్యలోనూ తక్కువ. ఇక ప్రేగు సంగతి ఆసక్తికరం. శైవలాలను ఎక్కువగా తినే బ్రాకిసోమా ప్రేగు దాని శరీరం కన్న మూడింతలకు పైగా పొడవు. కానగుర్త ప్రేగు ఒకటిన్నర రెట్ల ప్రాంతం. ఫాన్ని ప్రేగు ఇంచుమించు శరీరమంతే. మేత మేసే పశువుకూ మాంసం తినే జంతువుకూ పొట్టలో ఉండే భేదమే ఈ చిన్న చేపలలోనూ కనిపిస్తుంది.

మన అంగళ్లకు వచ్చేది దాదాపు ఎల్లప్పుడూ కానగుర్తయే. ఛాతీ వాజం కింద ఒక నల్లని మచ్చ, వీపు మీద సన్నని నల్లని చారలు దాని ఆనవాళ్లు. తాజాగా ఉన్నప్పుడు చారల నడుమ బంగారు ఛాయ తళుక్కుమంటుంది. మంచులో ఉంచిన రెండవ నాటికి ఆ ఛాయ పోతుంది. సాధారణంగా 25 సెంటీమీటర్ల వరకు, గరిష్ఠంగా 35 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. బ్రాకిసోమా మన దేశంలో అండమాన్ నీళ్లలో ఉంది. 1962లో మండపంలో భారత సముద్ర జీవశాస్త్ర సంఘం నిర్వహించిన సదస్సులో జోన్స్, సైలస్ అనే శాస్త్రవేత్తలు అండమాన్ మాకెరెల్‌లపై సవివరమైన పత్రం సమర్పించారు.

కుండలీకరణంలో ఎవరి పేరు?

శాస్త్ర గ్రంథాలలో ఈ చేప పూర్తి పేరును రాస్ట్రెల్లిగర్ కానగుర్త (కువియే, 1816) అని రాస్తారు. ఆ కుండలీకరణం అలంకారం కాదు. కువియే పెట్టిన నాడు ప్రజాతి స్కాంబర్. తరువాత జాతి వేరే ప్రజాతిలోకి మారింది. అలా మారినట్లు సూచించడానికే మొదట పేరు పెట్టినవారిని కుండలీకరణంలో ఉంచుతారు. ఫాన్ని పుట్టింది రాస్ట్రెల్లిగర్ ఇంట్లోనే కాబట్టి మత్సుయి పేరుకు కుండలీకరణం ఉండదు.

20వ శతాబ్దం నడిమి కాలపు రచనలలో అక్కడ కువియేకు బదులు రస్సెల్ పేరు కూడా కనిపిస్తుంది. చేపను చూచి, వర్ణించి, బొమ్మ వేయించిన రస్సెల్‌కే పేరు చెందాలని వారు భావించారు. న్యాయంగా చూస్తే ఆ భావన తోసివేయదగినది కాదు. కాని రెండు మాటల పద్ధతి పాటించని గ్రంథంలోని పేర్లు చెల్లవని జంతు నామకరణ నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఆ నియమావళి నాల్గవ కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కర్తృత్వం కువియేదే. రస్సెల్‌కే చోటు లేనప్పుడు, ఆ మాట చెప్పిన జాలరికి, ఆ బొమ్మ గీసిన చేతికి అక్కడ చోటు ఎలాగూ లేదు. వారి వంతు ఏమైనా ఉందంటే అది కుండలీకరణం వెలుపల, పేరు లోపలే ఉంది.

అక్షరం విషయంలోనూ కొంత పేచీ నడిచింది. లాటిన్‌లో కె అనే అక్షరం అరుదు కనుక, కొందరు దానిని సి గా మార్చి రాశారు. భారతీయ పరిశోధకుల పాత పత్రాలలో రెండు రూపాలూ ఉన్నాయి. మొదట అచ్చయిన వర్ణక్రమాన్నే నిలపాలన్న నియమం చొప్పున కె స్థిరపడింది. మరొక నియమం కూడా ఈ మాటను కాపాడింది. లాటిన్ విశేషణమైతే ప్రజాతి లింగాన్ని బట్టి చివరి అక్షరం మారాలి. కానగుర్త లాటిన్ మాట కాదు కనుక ఇల్లు మారినా దాని రూపం మారలేదు.

రస్సెల్ పద్దులోని తెలుగు మాటలలో శాస్త్రానికెక్కినది ఇదొక్కటే కాదు. గొరక చేపకు కువియే 1829లో ఆ మాటతోనే పేరు పెట్టాడు. నేడు అది పోమడాసిస్ గువోరకా. 1982లో దత్, సుజాత అనే శాస్త్రవేత్తలు తూర్పు తీరపు ఇసుక నేలల మీద తిరిగే ఒక చేపను కొత్త జాతిగా వర్ణించి సిల్లాగో సోరింగా అన్నారు. రస్సెల్ విన్న సోరింగ మాట 180 ఏళ్ల తరువాత మళ్లీ వినిపించింది.

వ్యాపారంలో మాత్రం ఈ మాటల బలం వేరు. దేశంలో కానాగంతలు అధికంగా పడేది పడమటి తీరంలో, రత్నగిరి మొదలు కేరళ వరకు. మంగళూరు, మల్పె రేవుల నుంచి మంచు పెట్టెలలో వచ్చే సరుకు తన పేరును కూడా వెంట తెస్తుంది. అందుకే బళ్లారి, కోలారు ప్రాంతపు తెలుగు ఇళ్లలోనూ బంగుడె అన్న కన్నడ మాట స్థిరపడింది; షోలాపూరు తెలుగువారి ఇళ్లలో బాంగడా స్థిరపడింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో జీవశాస్త్ర పుస్తకంలో రాస్ట్రెల్లిగర్ కానగుర్త అని చదివి, రెండవ మాట తన తాతల భాషదని గుర్తించకపోవడంలో వింత లేదు. ఎవరైనా చెబితే తప్ప తెలిసే విషయం కాదు. చేపలు ఎక్కువగా పడే తీరపు మాట పుస్తకానికి ఎక్కక, తక్కువగా పడే తీరపు మాట ఎక్కడానికి కారణం ఒక్కటే: పద్దు రాసిన వైద్యుడు ఆ నాలుగేళ్లు విశాఖలో ఉన్నాడు.

ఇక చివరి సంగతి ఆ చేప గురించే. కొత్త జాతిని ప్రకటించేటప్పుడు దానికి ఆధారమైన నమూనాను ప్రదర్శనశాలలో భద్రపరచడం నేటి ఆచారం. పేరు ఏ ప్రాణికి చెందుతుందో తేల్చవలసివస్తే ఆ నమూనానే చూస్తారు. కానగుర్తకు అటువంటి నమూనా ఏ ప్రదర్శనశాలలోనూ లేదు. ఉన్నది 136వ చిత్రపటం మాత్రమే. నియమావళి ప్రకారం, పేరుకు ఆధారం బొమ్మ అయినప్పుడు, బొమ్మ కాగితం నమూనా కాదు. చిత్రకారుని ముందు ఉన్న ఆ చేపయే నమూనా. 1789కి ముందు ఏదో ఒక ఉదయం విశాఖ వలలో పడిన ఒక కానాగంత మీద, ఎర్రసముద్రం నుంచి సమోవా వరకు ఉన్న కానాగంతలన్నిటి పేరూ ఆధారపడి ఉంది.

ఈ విశాల సముద్రంలోని కానగుర్తలు నిజంగా ఒకే జాతియా, లేక కలిసిపోయినట్లు కనిపించే రెండు మూడు జాతులా అనే ప్రశ్నకు జన్యు పరీక్షల కాలంలో చోటుంది. ఒకవేళ విడదీయవలసివస్తే, విశాఖ తీరపు చేపలు ఏ పాయలో ఉంటే కానగుర్త అన్న పేరు ఆ పాయకే ఉంటుంది. ఎర్రసముద్రపు చేపలు వేరని తేలితే వాటికి రూపెల్ 1836లో పెట్టిన పేర్లలో ఒకటి పర్యాయనామాల పట్టిక నుంచి లేచి రావచ్చు. పోయిన నమూనాకు బదులు కొత్తది నియమించవలసివస్తే, సాధ్యమైనంత వరకు మొదటి చేప దొరికిన చోటు నుంచే దానిని తేవాలని నియమావళి చెబుతోంది. ఆ చేపను వెతకవలసింది విశాఖ రేవులోనే.